వంద కోట్ల ఏడు

జవాబు సరైనదే అయి, దాన్ని రాబట్టిన దారిలో ఎక్కడో తప్పు దొర్లి ఉంటే, ఆ లెక్క చేసినట్టా, చేయనట్టా? ఈ ప్రశ్న నా తొమ్మిదో తరగతి నుంచి నాతోనే ఉంది. దీన్ని అడగవలసిన మనిషి ఒక్కరే. ఆయన కిందటి నెల పోయారు.

ఫోన్ చేసి చెప్పింది బాషా. పదో తరగతి దాకా నాతో చదివాడు, ఇప్పుడు మార్టూరులో గ్రానైట్ పలకలు పాలిష్ చేసే ఒక యూనిట్‌లో సూపర్‌వైజరు. ఎప్పుడు ఫోన్ చేసినా అతని వెనక మిషన్ల రొద ఉంటుంది. ఆ రోజు లేదు.

"మేడంగారూ, క్లాసులో ఉన్నావా?"

"లేదు, చెప్పు."

"మన లెక్కల మాస్టారు పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకుని, అట్టాగే... వస్తావా?"

గుంటూరు నుంచి మా ఊరికి అద్దంకి బస్సులో రెండున్నర గంటలు. నేను పనిచేసే కాలేజీలో ఆ మధ్యాహ్నం పరీక్షల డ్యూటీ ఉంది. రాలేనన్నాను. డ్యూటీ మార్చుకోవచ్చు, అడిగితే ఎవరైనా ఒప్పుకునేవారే. అడగలేదు. అది కారణమో సాకో నాకు అప్పుడూ తెలియలేదు.

ఆయన మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పారు. సన్మానాలు జరిగిన మనిషి కాదు. బడి అయ్యాక సైకిల్ మీద ఇంటికి వెళ్ళి, లుంగీ కట్టుకుని, ఉన్న ఎకరం మిరప చేలో కలుపు తీసేవారు. మార్టూరు క్వారీల నుంచి రాళ్ళ లారీలు మా ఊరి మీదుగా పోతుంటాయి. సైకిల్ పక్కకి దించి, లారీకి దారిచ్చి, దాని నంబరు చూసి కారణాంకాలు విడగొట్టేవారు. వెనక నడుస్తున్న మాకు వినపడేలా, "మూడు వేల అయిదు వందల తొంభై తొమ్మిది! చెప్పండ్రా" అనేవారు. మేం రెండుతో, మూడుతో మొదలుపెట్టి తంటాలు పడుతుంటే, "అరవై మీద ఎక్కి చూడండి. అరవై అరవైలు మూడు వేల ఆరు వందలు. ఒకటి తగ్గింది. అంటే ఏంటి? యాభై తొమ్మిది ఒక పక్క, అరవై ఒకటి ఒక పక్క" అని పెడల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయేవారు. లారీ దుమ్ము సర్దుకునేదాకా మేం గుణిస్తూ నిలబడేవాళ్ళం. సరిపోయేది.

విడగొట్టలేని నంబరు వస్తే మాత్రం ఆయన ముఖం వేరేగా ఉండేది. సంతోషం అని కచ్చితంగా చెప్పలేను. కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే కుర్చీలోంచి లేస్తాం చూడండి, అట్లా.

మేం తొమ్మిదిలో ఉన్నప్పుడు ప్రధాన సంఖ్యల పాఠం మళ్ళీ ఒకసారి చెప్పారు. ఒకటితో, తనతో తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. ఎవరికి తెలిసిన పెద్దది వాళ్ళు చెప్పమన్నారు. ముందు బెంచీవాళ్ళు తొంభై ఏడు అన్నారు, నూట ఒకటి అన్నారు. వెనక బెంచీలోంచి బాషా లేచి, "వంద కోట్ల ఏడు సార్" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది.

"ఎట్టా చెప్పావురా?"

"నోటికొచ్చింది సార్."

వేరే మాస్టారైతే బెంచీ ఎక్కించేవారు. ఈయన సుద్దముక్క తీసి బోర్డు మీద ఒకటి వేసి, ఎనిమిది సున్నాలు చుట్టి, చివర ఏడు రాశారు. రాసి, కాస్త వెనక్కి వచ్చి చూశారు.

"నోటికొచ్చిందంటున్నాడు. అవునో కాదో మనం చూడొద్దూ? రెండుతో?"

"పోదు సార్!"

"మూడుతో? అంకెలు కూడండి."

"ఎనిమిది సార్. పోదు."

అయిదుతో పోదు. ఏడుతో భాగించారు. ఆరు మిగిలింది. పదకొండుతో భాగించారు. ఆరు మిగిలింది. పదమూడుతోనూ ఆరే. ఆ లెక్కలో దెయ్యం ఉందని ఎవరో అన్నారు. పదిహేడు దగ్గర పద్నాలుగు మిగిలేసరికి అందరం "అయ్యో" అన్నాం, క్రికెట్‌లో వికెట్ పడ్డట్టు. పంతొమ్మిదికి మళ్ళీ ఆరు. బాషా బెంచీ మీద గుద్దాడు.

ఎందుకు ఆరే వస్తోందని అడిగితే ఆయన చెప్పలేదు. "ఒకటి మిగిలి ఉండనీ. అన్నీ నేనే చెబితే మీరేం తింటారు?" అన్నారు. కారణం నాకు యూనివర్సిటీలో దొరికింది. వంద కోట్ల ఒకటి అనే సంఖ్యను ఏడు, పదకొండు, పదమూడు, పంతొమ్మిది నాలుగూ నిశ్శేషంగా భాగిస్తాయి. దానిమీద ఇంకో ఆరు ఉంది కాబట్టి ఆరు మిగులుతుంది. అంతే. తెలిశాక దెయ్యం పోయింది. కొంచెం బెంగ కూడా కలిగింది.

గంట కొట్టాక ఆయన బోర్డు తుడవలేదు. మర్నాడు క్లాసుకి రాగానే చెప్పారు: ఈ సంఖ్య రెండు ముక్కలుగా విడిపోతే రెండు ముక్కలూ పెద్దవి కావడానికి వీల్లేదు, చిన్న ముక్క ముప్పై ఒక్కవేల ఆరు వందల ఇరవై రెండు దాటదు. కాబట్టి అంతలోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. ఏదీ పోకపోతే ఇది ప్రధాన సంఖ్యే. అంతలోపు ఏవేవి ఉన్నాయో రాయడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. సంఖ్యలన్నీ వరసగా రాసి, రెండుకి గుణిజాలైనవి కొట్టేసి, మూడుకి గుణిజాలైనవి కొట్టేసి, అట్లా జల్లెడ పట్టుకుంటూ పోతే మిగిలినవి మూడు వేల నాలుగు వందల ఒకటి.

క్లాసులో నలభై మందిమి. తలా ఎనభై అయిదు. ఒకటి మిగిలింది. ఆ చివరిదీ, అన్నిటికన్నా పెద్దదీ, ముప్పై ఒక్కవేల ఆరు వందల ఏడు. "అది నాది" అన్నారు.

హెడ్మాస్టరుగారు వరండాలో ఆపి అడగడం మేం కిటికీలోంచి విన్నాం.

"సిలబస్ ఏడ దాకా వచ్చిందండీ?"

"వస్తందండీ."

"ఈ వంద కోట్ల గోలేందండీ మరి?"

"మిరప కోతలొస్తన్నాయండీ. సగం మంది బడికి రారు. రాకపోయినా ఇంట్లో కాయితాలుంటే, బడి వాళ్ళ దగ్గిరికి పోయినట్టుగా ఉంటది."

ఇది ఆయన అసలు ఉద్దేశమని నేను నమ్ముతాను. మా వైపు మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే ఆడపిల్లల హాజరు సగానికి పడిపోయేది. కోతలకి కూలీలు దొరకరు, అమ్మలు కూతుళ్ళని వెంటపెట్టుకుపోతారు. మా అమ్మ కూడా అంతే. తిరిగి వచ్చేసరికి లెక్కల్లో దారి తప్పినవాళ్ళు చాలామంది బడే మానేసేవాళ్ళు. అందుకని ఆయన పాత పరీక్ష పేపర్లు, ఒకవైపు ఖాళీగా ఉన్నవి, నలభై కట్టలు చేసి పురికొసతో కట్టి రోల్ నంబరు ప్రకారం ఇచ్చారు. భాగహారం పూర్తిగా వేయాలి. శేషం కింద గీత గీయాలి. కాగితం అడుగున "భాగించినవారు" అని రాసి, పేరు రాయాలి. తప్పు చేస్తే దెబ్బల్లేవు, తిట్లు లేవు. తప్పు ఎవరికి కనిపించినా, తమదైనా సరే, బోర్డు దగ్గరికి వచ్చి మళ్ళీ వేయాలి. అంతే శిక్ష.

"జవాబు ఎవరైనా చెబుతారు. నువ్వు భాగించావా?" ఆ నెలల్లో ఆయన నోట ఎక్కువగా వినిపించిన మాట ఇది. ఇంకొకటి, శేషం వచ్చిందని ముఖం ముడుచుకునే పిల్లలతో అనేవారు: "మిగిలితే తప్పు కాదే. మిగిలిందని రాయకపోతే తప్పు." ఈ రెండో మాట ఆయన ఖాయంగా అన్నారా, నేను తర్వాత తర్వాత అట్లా దిద్దుకున్నానా అని అనుమానం ఉంది. బాషాని అడిగితే తనకి గుర్తులేదన్నాడు.

నా రోల్ నంబరు పదిహేను. పదిహేనో కట్టలో మొదటి ముప్పై తొమ్మిదీ నాలుగంకెల సంఖ్యలు. అవి బళ్ళోనే, ఇంట్లోనే కూర్చుని కుదురుగా చేశాను. ఆ తర్వాత పదివేల ఏడుతో అయిదంకెలవి మొదలయ్యాయి. అప్పటికి కోతలూ మొదలయ్యాయి. అమ్మ వెంట చేలోకి పోయి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గట్టు మీద కూర్చుని కాగితాలు తీసేదాన్ని. వేళ్ళకి మిరప ఘాటు. పొరపాటున కన్ను నలిపితే ఇంక ఆ పూటకి అంకెలు కనపడవు. అయిదంకెల భాగహారం పొడుగు. పని తగ్గించుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టాను. ప్రతి లెక్కకీ పైన ఆ పదంకెల సంఖ్య రాయడం ఎందుకు? ఉన్నవన్నీ సున్నాలేగా. గుర్తుపెట్టుకుని ఒక్కొక్క సున్నా దించుకుంటూ పోతే సరి. పైన సంఖ్య రాయడం మానేశాను. ఎనిమిది సార్లు సున్నా దించి తొమ్మిదోసారి ఏడు దించాలి. నేను తొమ్మిదిసార్లూ సున్నాయే దించాను. నలభై ఆరు లెక్కల్లో, ఒకదాని తర్వాత ఒకటి, వంద కోట్ల ఏడుని కాకుండా వంద కోట్లని భాగించాను.

కట్ట ఇచ్చేసిన రెండు రోజులకి తెలిసింది. ఖాళీగా కూర్చుని పదివేల ఏడుతో ఊరికే మళ్ళీ వేశాను. నాలుగు వందల తొంభై ఏడు మిగిలింది. కట్టలో రాసింది నాలుగు వందల తొంభై. నా రాత నాకు గుర్తే. పదివేల తొమ్మిదితో వేశాను. అక్కడా ఏడు తేడా.

చెబుదామనే వెళ్ళాను. ఆ రోజు ప్రార్థనలో ఆయన నా కట్టని పైకెత్తి అందరికీ చూపించారు. "మిరప చేలో కూర్చుని చేసిందిరా ఈ పిల్ల. కొట్టివేత ఒక్కటి లేదు. చూడండి." నిజమే, కొట్టివేతల్లేవు. నేను రెండో వరసలో నిలబడి ఉన్నాను. ఆయన దగ్గరికి నడవడానికి పదడుగులు కూడా లేవు.

తర్వాతి వారం ఆయన ప్రకటించారు. నలభై కట్టలూ చూశాం, ఏ సంఖ్యా పోలేదు, వంద కోట్ల ఏడు ప్రధాన సంఖ్యే. బాషాని భుజాల మీద ఎక్కించుకుని మగపిల్లలు గ్రౌండంతా తిప్పారు. మాస్టారు తనకి వచ్చిన ఒక్క లెక్కనీ బోర్డు మీద వేసి చూపించారు. ముప్పై ఒక్కవేల ఆరు వందల ఏడుతో భాగిస్తే పదిహేడు వేల ఏడు వందల నలభై ఒకటి మిగిలింది. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

చాలా ఏళ్ళకి, ఎమ్మెస్సీలో కంప్యూటర్ ల్యాబ్‌కి వెళ్ళిన మొదటి వారంలో నేను రాసిన ప్రోగ్రాం అదే. మీట నొక్కి వేలు తీసేలోపు తెర మీద పడింది, ప్రధాన సంఖ్య అని. నెలల తరబడి నలభై మంది చేసిన పని. ఊపిరి పీల్చుకున్నాను. హాస్టల్‌కి నడిచి వస్తుంటే, ఎందుకు ఊపిరి పీల్చుకున్నానా అని ఆలోచన వచ్చింది. ఆయన జవాబు తప్పుకాలేదు, సరే. కానీ ఆయన అడిగింది జవాబు కాదు. బాషా నోటికొచ్చినప్పుడు కూడా అది ప్రధాన సంఖ్యే. అప్పుడు అది మాట మాత్రమే. మూడు వేల నాలుగు వందల భాగహారాలు ఆ మాటని రుజువుగా మార్చాలి. అందులో నలభై ఆరు లేవు. లేనప్పుడు అది ఇంకా నోటికొచ్చిన మాటే కదా?

ఇప్పుడు మా కాలేజీలో ప్రోగ్రామింగ్ పోటీలకి వెళ్ళే పిల్లలకి ఆ సంఖ్య బాగా తెలుసు. జవాబు మరీ పెద్దదైపోతే, దాన్ని వంద కోట్ల ఏడుతో భాగించి శేషం మాత్రం చెప్పమంటారు. దాన్ని వాళ్ళు ఇంగ్లీషులో గబగబా పలుకుతారు. ఎవరు రుజువు చేశారని ఒక్కరూ అడగరు. అడగాల్సిన అవసరమూ లేదు.

ఆయన రిటైరయ్యాక, ఆరేడేళ్ళ కిందట, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన భార్యని పిల్లలందరం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ లోపల ఏదో పనిలో ఉన్నారు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఆ సంఖ్యకున్న ఇంకో గుణం చెప్పాను. అది ప్రధాన సంఖ్య కాబట్టి, ఒకటి నుంచి మొదలుపెట్టి దానికన్నా చిన్నవైన సంఖ్యలన్నిటికీ జోడీలుంటాయి. జోడీని గుణించి వంద కోట్ల ఏడుతో భాగిస్తే ఒకటే మిగులుతుంది.

"రెండుకి?" అన్నారు వెంటనే.

"యాభై కోట్ల నాలుగు."

కళ్ళు మూసుకున్నారు. "వంద కోట్ల ఎనిమిది. ఒకటి మిగులుద్ది. ఆఁ! మూడుకి నేను చెబుతాను ఉండు. ముప్పై మూడు కోట్ల ముప్పై మూడు లక్షల ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై ఆరు. నాలుక్కి ఇరవై అయిదు కోట్ల రెండు. అయిదుకి..." ఆగారు. వేలితో కుర్చీ చేతి మీద రాసుకున్నారు. "వంద కోట్ల ఎనిమిది అయిదుతో పోదే! ఇంకో చుట్టు తిరగాలి. రెండు వందల కోట్ల పదిహేను. అంటే నలభై కోట్ల మూడు."

"అవునండి."

"అన్నిటికీ ఉంటదా అమ్మా? ఒక్కటి కూడా ఒంటరిగా ఉండదా?"

"ఒకటికీ, అన్నిటికన్నా చివరిదానికీ వాటికవే జోడీ. మిగతావాటికి వేరేది ఉంటుంది. ప్రధాన సంఖ్య కాకపోతే మాత్రం కొన్నిటికి దొరకదండి."

"అయితే మనం చేసింది మంచి పనే" అన్నారు. చాలాసేపు రోడ్డు వైపు చూశారు. తర్వాత, నావైపు తిరక్కుండానే అన్నారు: "ఆ కాయితాలన్నీ దాచానమ్మాయ్. తప్పులుండే ఉంటాయి, పిల్లలు గదా. కానీ నాది తప్పు సార్ అని ఇంతవరకూ ఒక్కళ్ళూ రాలేదు."

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అమ్మగారు మజ్జిగ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. మజ్జిగ తాగి, ఉప్పు సరిపోయిందని చెప్పి, బస్సు టైమవుతోందని లేచాను. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదా, మామూలుగా అన్నదా అని బస్సులో గుంటూరు దాకా ఆలోచించాను. అడగడానికి ఇంకోసారి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.

పెద్దకర్మ అయిన వారానికి బాషా మళ్ళీ ఫోన్ చేశాడు.

"అమ్మగారు ఆ కట్టలేం చేయాలో తెలియట్లేదంటన్నారు. పాత పేపర్లోడికి వేద్దామంటే చెయ్యి రావట్లేదంట. నిన్ను రమ్మన్నారు."

ఆదివారం వెళ్ళాను. బాషా ముందే వచ్చి కట్టలన్నీ వరండాలో పేర్చాడు. అమ్మగారు పక్కనే చాపేసుకుని, కారం పట్టించడానికి ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతున్నారు. "ఊరికే కూర్చుంటే తోచట్లేదమ్మా" అన్నారు.

బాషా తన కట్ట ముందే విప్పేశాడు. అందులో ఎర్ర పెన్సిల్ చుట్లు పదకొండు. ప్రతి చుట్టు పక్కనా మాస్టారి చేతిరాతతో సరైన శేషం.

"చూశావా మేడంగారూ, నంబరు కనిపెట్టిందీ నేనే, తప్పులు చేసిందీ నేనే. నా నంబరు మీద నాకే గౌరవం లేకపాయె!"

మిగతావీ విప్పి చూశాం. దాదాపు ప్రతి కట్టలోనూ ఒకటో రెండో చుట్లున్నాయి. అంటే ఆయన ఊరికే లెక్కపెట్టి పక్కన పెట్టలేదు, భాగించి చూశారు. అది మాకెవరికీ తెలియదు. పదిహేనో కట్ట నేను విప్పాను. ఎనభై అయిదు లెక్కలకీ పక్కన ఎర్ర టిక్కు. చుట్టు ఒక్కటీ లేదు.

నేను ఆ కాగితాలు చాలాసేపు పట్టుకుని ఉన్నానేమో, బాషా అడిగాడు. "ఏంది? నీదంతా కరెక్టేగా. తెలిసిందేగా."

అప్పుడు చెప్పాను. అతనికి, అమ్మగారికి. చేలో సంఖ్య రాయడం మానెయ్యడం దగ్గర్నుంచి మజ్జిగ గ్లాసు దాకా. ముప్పై ఏళ్ళు మోసింది చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బాషా తల గోక్కుని, "ఓసి నీ... సరే ఫోన్ తియ్యి, ఇప్పుడే కొట్టి చూద్దాం, నిమిషంలో తేలిపోద్ది" అన్నాడు.

"ఫోన్‌కి ఎప్పుడో తెలుసు. అది కాదు" అన్నాను.

అమ్మగారు తుంచుతున్న కాయ పక్కన పెట్టి, "అయితే ఆ నలభై ఆరూ ఇప్పుడు వెయ్యి" అన్నారు. "బాషా, లోపల బల్ల మీద తెల్ల కాయితాలున్నాయి చూడు."

వేశాను. వరండాలో కింద కూర్చుని, ప్రతి లెక్కకీ పైన పదంకెలూ రాసి, ఎనిమిది సున్నాలు దించి, చివర ఏడు దించి. బాషా నా పాత కాగితం చూసి చదివేవాడు. "పదివేల ఏడు. పాత శేషం నాలుగు వందల తొంభై." నేను చెప్పేదాన్ని, "నాలుగు వందల తొంభై ఏడు. పోలేదు." అది విని అమ్మగారు ఒక మిరపకాయని తీసి చాప మీద వేరుగా పెట్టేవారు, లెక్క తప్పకుండా. పన్నెండో లెక్క దగ్గర కాఫీ వచ్చింది. ముప్పయ్యోదాని దగ్గర నా చెయ్యి లాగింది. బాషా మధ్యలో ఒకసారి, "ఇది పోతే మాత్రం నా పరువు పోద్దే" అన్నాడు, నవ్వుతూనే. ఆ క్షణాన నాకూ భయం వేసింది. ల్యాబ్‌లో చూసిన జవాబు గుర్తుండి కూడా వేసింది. అన్నిచోట్లా తేడా ఏడే. ఏదీ పోలేదు. పాత శేషాల్ని కొట్టెయ్యకుండా, పక్కన పెన్సిల్‌తో కొత్తవి రాశాను.

ఎండ గుమ్మం దాటి వెనక్కి పోయింది. చాప మీద నలభై ఆరు మిరపకాయలు వరసగా ఉన్నాయి.

"అయిపోయిందా?" అన్నారు అమ్మగారు.

"అయిపోయిందండి."

"అంటే ఇప్పుడయిందా, ఆయన ఉన్నప్పుడే అయిందా?"

బాషా నావైపు చూశాడు. "అప్పుడే అయింది అమ్మగారూ. మాస్టారు చూడకుండా ఉంటారా?" అన్నాడు.

"నిన్ను కాదయ్యా, అమ్మాయిని అడుగుతున్నా." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేవారు. నేను పెద్ద చదువు చదవలేదు, పుస్తకం రాయలేదు, కానీ పిల్లల చేత ఒకటి రుజువు చేయించానని. ఇంకేదీ చెప్పుకున్న మనిషి కాదు. ఆ ఒక్క మాటా ఆయనున్నన్నాళ్ళూ నిజమేనా అని నాకు తెలియాలి."

రెండు దారులున్నాయని చెప్పాను. అందరివీ భాగించి చూసిన మనిషి, కొట్టివేతల్లేని నా కాగితాలు చూసి, ఈ పిల్ల తప్పు చేయదని టిక్కులు పెట్టుకుంటూ పోయి ఉండవచ్చు. అట్లా అయితే రుజువు ఈ సాయంత్రమే పూర్తయింది. లేదా ఆయన భాగించి చూసి, అన్నిచోట్లా ఏడే తేడా అని పట్టుకుని, నలభై ఆరుకీ ఏడు కలిపి చూసి, ఏదీ పోదని తేల్చుకుని, అందరి ముందూ తను మెచ్చుకున్న పిల్ల తనంతట తనే వచ్చి చెబుతుందని చుట్లు పెట్టకుండా ఊరుకుని ఉండవచ్చు. అట్లా అయితే అది ఆయన చెప్పిన రోజుకే పూర్తయింది.

"నువ్వేమనుకుంటున్నావు?"

"తెలియదండి" అన్నాను.

ఆవిడ చాప మీది నలభై ఆరు కాయల్నీ రెండు చేతులతో దోసిట్లోకి తీసుకున్నారు. కుప్పలో కలపబోయి ఆగారు. బాషా కట్టలన్నీ మళ్ళీ పురికొసతో కట్టి లోపల పెట్టి వచ్చేదాకా ఆ దోసిలి అట్లాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన నన్ను నమ్మి చూడలేదో, చూసి ఊరుకున్నారో ఇది రాస్తున్న రోజుకీ నేను తేల్చుకోలేదు. ఆయన మాట నిజం కావాలంటే రెండోదే జరిగి ఉండాలి. కానీ అట్లా అయితే, ఆ రోజు అరుగు మీద రోడ్డు వైపు చూస్తూ ఆయన నాకోసం ఎదురుచూశారు. రెండిట్లో ఏది జరిగి ఉంటే బాగుండునో, అదీ నాకు తెలియడం లేదు.